గంతలు లేని గుర్రం

ఏలూరు: పవర్‌పేట స్టేషనులో రైలు దిగి జట్కా ఎక్కి ఇంటికి చేరిన రోజులు గుర్తున్నవారు ఊళ్లో ఇంకా చాలామందే ఉన్నారు. బండివాడు కునికిపాట్లు పడుతున్నా గుర్రం తన దారిన తాను పోయేది. ఎదురుగా లారీ వస్తే ఓరకు జరిగేది. మలుపు దగ్గర ఎవరూ చెప్పకుండానే తిరిగేది. దాని కళ్లకు రెండు పక్కలా తోలు గంతలు ఉండేవి. పక్కన ఏం జరుగుతోందో కనిపిస్తే బెదిరిపోతుందని బండివాడి భయం.

ఆ గంతలు విప్పేసి, మనిషి నడుము ఎత్తు కూడా లేని పొట్టి జాతి గుర్రాన్ని తెచ్చి, కళ్లు లేని మనిషికి దారి చూపమంటే? వినడానికి సర్కస్ డేరాలో మాటలా ఉంటుంది. కానీ అమెరికాలో పాతికేళ్ల క్రితమే ఈ పని చేసి చూపించారు. ఆ గుర్రాలు బజారుకు వెళ్లాయి, బస్సు ఎక్కాయి, ఒకటి విమానం కూడా ఎక్కింది.

నార్త్ కరోలినా రాష్ట్రంలోని కిట్రెల్ అనే పల్లెలో డాన్ బర్ల్‌సన్, జానెట్ బర్ల్‌సన్ అనే దంపతులు 1999లో గైడ్ హార్స్ ఫౌండేషన్ పేరుతో ఈ ప్రయోగం మొదలుపెట్టారు. అంతకుముందు ఒకసారి న్యూయార్క్ వెళ్లి అద్దె గుర్రాల మీద స్వారీ చేస్తున్నప్పుడు, ట్రాఫిక్ మధ్యలో గుర్రం తనంతట తానే ఆగడం, కదలడం చూసి వారికి ఈ ఆలోచన వచ్చిందట. మన జట్కావాళ్లు వింటే ఇందులో వింతేముంది అంటారు. నిజమే. వింత అంతా ఆ తర్వాత వారు చేసిన పనిలో ఉంది.

కడిల్స్ కథ

కడిల్స్ అనేది మొదటి గైడ్ గుర్రంగా పేరు తెచ్చుకున్న ఆడ గుర్రం పేరు. ఎత్తు రెండు అడుగులు. మన ఊళ్లో ఏడాది దూడ దీనికన్నా పెద్దగా ఉంటుంది. మెయిన్ రాష్ట్రంలోని ఎల్స్‌వర్త్‌కు చెందిన డాన్ షా 2001లో దీన్ని తోడు తెచ్చుకున్నారు.

షా పుట్టు అంధుడు కాదు. ఆయనది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు. మొదట రేచీకటిగా కనిపిస్తుంది. తర్వాత చుట్టుచూపు నెమ్మదిగా మూసుకుపోతుంది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త మాత్రమే మిగులుతుంది, కొందరికి అదీ పోతుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చేది. మేనరికం పెళ్లిళ్లలో పుట్టిన పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మేనమామకు, మేనబావకు పిల్లనివ్వడం ఆచారంగా ఉన్న మన జిల్లాల్లో ఈ మాట పట్టించుకోవలసిందే. చీకటి పడితే గడప తట్టుకొని పడే పిల్లవాడిని దుడుకువాడని కసిరే ముందు ఒకసారి కంటి డాక్టరుకు చూపిస్తే మంచిది.

అమెరికాలో అంధులకు శిక్షణ పొందిన కుక్క దొరుకుతుంది. మరి షా కుక్కను ఎందుకు కాదన్నారు? ఆయన జంతువులంటే ప్రాణం పెట్టే మనిషి. గైడ్ కుక్క ఎనిమిది, పదేళ్లకు మించి పని చేయలేదు. తర్వాత దాన్ని విశ్రాంతికి పంపి ఇంకొక దాన్ని తెచ్చుకోవాలి. కళ్లయి నడిపించినదాన్ని పదేళ్లకోసారి పోగొట్టుకోవడం తన వల్ల కాదనుకున్నారాయన. పొట్టి గుర్రం సరైన పోషణ ఉంటే ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. కుక్కను కాదని గుర్రాన్ని కోరుకోవడానికి ఇదీ అసలు కారణం.

మోనా రమౌనీ కథ వేరు. మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో ఉండే ఈ అంధ యువతిది ముస్లిం కుటుంబం. ఇంట్లో కుక్కను పెట్టుకోవడానికి పెద్దలకు అభ్యంతరం. గుర్రానికి ఆ పట్టింపు లేదు. 2009లో ఆమె క్యాలీ అనే పొట్టి గుర్రాన్ని తెచ్చుకున్నారు. ఉద్యోగానికి వెళ్లేటప్పుడు క్యాలీ ఆమెతో పాటు సిటీ బస్సు ఎక్కేది. ఇంగ్లండులో బ్లాక్‌బర్న్‌కు చెందిన మహమ్మద్ సలీమ్ పటేల్‌కు కుక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. ఆయన కోసం డిగ్బీ అనే గుర్రానికి శిక్షణ ఇస్తున్నట్లు 2018లో అక్కడి పత్రికలు రాశాయి.

కుక్క కాటు తిన్నవారు, కుక్క కనిపిస్తే రోడ్డు అవతలికి తప్పుకొనేవారు మన వీధుల్లో ఎంతమంది లేరు? వారికి ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

దారి తెలిసింది మనిషికే

ఇలాంటి జంతువుల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ‘బస్టాండుకు పద’ అంటే అదే తీసుకుపోతుందనుకుంటారు. కాదు. ఎన్ని సందులు దాటాలి, ఎక్కడ ఎడమకు తిరగాలి అన్నది మనిషి మనసులో ఉండాలి. జంతువు పని కాలి ముందున్న దాన్ని చూడటం. మెట్టు వస్తే ఆగడం, గుంత వస్తే చుట్టి రావడం, తలకు తగిలే కొమ్మ ఉంటే పక్కకు తప్పించడం. దాని వీపు మీద కట్టిన పట్టీకి గట్టి పిడి ఒకటి ఉంటుంది. జంతువు ఆగినా, వాలినా, తిరిగినా ఆ పిడి ద్వారా మనిషి చేతికి తెలుస్తుంది.

ఇదంతా ఒక ఎత్తు, మాట వినకపోవడం ఇంకొక ఎత్తు. శిక్షణలో అన్నింటికన్నా కష్టమైనది ఇదే. యజమాని ‘నడు’ అన్నాడు. ఎదురుగా కారు వస్తోంది. అప్పుడు జంతువు కదలకూడదు. రెండోసారి అన్నా కదలకూడదు. చెప్పినట్టు చేయడం ఏ జంతువుకైనా నేర్పవచ్చు. ఎప్పుడు చెప్పినట్టు చేయకూడదో నేర్పడం వేరే విద్య.

సంక్రాంతికి గడప ముందుకు వచ్చే గంగిరెద్దును గుర్తు చేసుకుంటే ఈ తేడా తెలుస్తుంది. సన్నాయి మోగితే తల ఊపుతుంది, అయ్యగారికి దండం పెట్టమంటే మోకాళ్ల మీద వంగుతుంది. తరతరాలుగా వచ్చిన విద్య అది, తక్కువ చేయడానికి లేదు. కానీ గంగిరెద్దు గొప్పతనం అంతా ఆడించేవాడి సైగ పట్టుకోవడంలో ఉంది. అందుకే ప్రతిదానికీ ఔననే మనిషిని గంగిరెద్దుతో పోలుస్తాం. అంధుడికి గంగిరెద్దు తోడైతే ఇద్దరూ కలిసి కాలువలో పడతారు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో అలెగ్జాండ్రా కర్లాండ్ అనే శిక్షకురాలు పాండా అనే నలుపు తెలుపు గుర్రాన్ని వేరే పద్ధతిలో తయారు చేశారు. కొరడా లేదు, కళ్లెం గుంజడం లేదు. చేతిలో ‘టిక్’మనే చిన్న పరికరం. గుర్రం సరైన పని చేసిన క్షణంలోనే ఆ చప్పుడు చేస్తారు, వెంటనే నోటికి ఒక తీపి ముక్క అందిస్తారు. తప్పు చేస్తే శిక్ష లేదు, చప్పుడూ లేదు. ఏ పనికి చప్పుడు వస్తుందో గుర్రమే వెతుక్కుంటుంది. పుట్టుకతో అంధురాలు, వృత్తి రీత్యా టీచరు అయిన యాన్ ఈడీకి ఈ పాండా తోడయింది. అంతకుముందు ఆమెకు గైడ్ కుక్క ఉండేది. రెంటినీ చూసిన మనిషి గుర్రాన్ని నమ్మడంతో అక్కడి పత్రికలకు ఆమె మీద ఆసక్తి కలిగింది.

గుర్రం కళ్లు తలకు ముందు ఉండవు, రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. ముక్కు ముందు కాస్త, తోక వెనుక కాస్త మాత్రమే దానికి కనిపించదు. జట్కా గుర్రానికి గంతలు కట్టి మనం మూసేసిన చూపే గైడ్ గుర్రానికి పెట్టుబడి.

గుర్రంతో గొడవలు

ఇంత మంచిదైతే ప్రపంచమంతా గుర్రాలే కనిపించాలి గదా. కనిపించవు. ఈ పాతికేళ్లలో అంధులకు తోడైన గుర్రాల సంఖ్య చాలా తక్కువ. కుక్కలతో పోలిక లేదు.

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు చిక్కే జంతువు. బెదిరితే పారిపోవడం దాని నైజం. దాన్ని అణచడానికి నెలలు పడుతుంది. కుక్క బస్సులో సీటు కింద ముడుచుకొని పడుకుంటుంది, గుర్రం పడుకోలేదు. నున్నటి గచ్చు మీద గిట్టలు జారతాయి. అందుకని వాటికి రబ్బరు అడుగున్న చిన్న చిన్న బూట్లు తొడిగారు. ఫొటోల్లో చూసినవారు నవ్వుకున్నారు గానీ గ్రానైటు పరచిన హాల్లో జారిపడితే అంధుడికి నవ్వు రాదు. పేడ సంగతి సరేసరి. బయటికి వెళ్లేదాకా ఆగడం నేర్పవచ్చు గానీ కుక్క ఆగినంత సేపు గుర్రం ఆగలేదు. రోజంతా ఏదో ఒకటి మేస్తూ ఉండాల్సిన కడుపు అది. తిరగడానికి దొడ్డి కావాలి, తోడుకు ఇంకొక గుర్రం ఉంటే మరీ మంచిది. మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేవారికి ఇది కుదిరే పని కాదు.

అమెరికా ప్రభుత్వం కూడా ఆచితూచి నడిచింది. 2011 మార్చి 15 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం వికలాంగులకు సేవ చేసే జంతువు అంటే కుక్క ఒక్కటే. పొట్టి గుర్రాలకు మాత్రం వేరుగా ఒక వెసులుబాటు ఇచ్చారు. అది అదుపులో ఉంటుందా, ఆ చోటు దానికి సరిపోతుందా, నేల పాడు చేయదు గదా, ఇతరులకు ప్రమాదం లేదు గదా అని చూసుకొని రానివ్వాలి. కోతులకు ఆ చోటూ దక్కలేదు. కాళ్లు, చేతులు పడిపోయినవారికి గ్లాసు అందించడానికి, పుస్తకం పేజీ తిప్పడానికి బోస్టన్‌లోని ఒక సంస్థ 1979 నుంచి కపుచిన్ కోతులకు శిక్షణ ఇచ్చేది. 2021లో ఆ పని మానుకుంది. విమానాల విషయంలో 2020 చివర వచ్చిన కొత్త నిబంధనలతో గుర్రానికి ఉన్న హక్కు కూడా పోయింది. ఇప్పుడు అక్కడి విమాన సంస్థలు సేవా జంతువుగా కుక్కను తప్ప మరి దేన్నీ ఎక్కించుకోనక్కర్లేదు.

కుక్కకు ఆ పేరు ఒక్కరోజులో రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో గైడ్ కుక్కల బడి పెట్టారు. 1928లో మోరిస్ ఫ్రాంక్ అనే అమెరికన్ అంధ యువకుడు స్విట్జర్లాండు వెళ్లి బడ్డీ అనే కుక్కను తెచ్చుకొని, న్యూయార్క్‌లో విలేకరుల కళ్లెదుట రద్దీ వీధి దాటి చూపించాడు. మరుసటి ఏడాది ‘సీయింగ్ ఐ’ సంస్థ పుట్టింది. అంటే కుక్క వెనుక వందేళ్ల అనుభవం ఉంది. గుర్రం వెనుక పాతికేళ్లే.

లంకల్లో అయితే

కొల్లేటి లంకల్లో పశువు మనిషికి దారి చూపడం కొత్త కాదు. గేదె తోక పట్టుకొని కాలువ దాటిన పిల్లలు పెద్దవాళ్లయి ఇప్పుడు మనవలకు ఆ కథ చెబుతున్నారు. నీటి లోతు, అడుగున ఊబి మనిషి కన్నా గేదెకే బాగా తెలుసు. పొద్దున్నే మేతకు వెళ్లి సాయంత్రం ఎవరూ తోలకుండానే తమ దొడ్డికి తాము చేరే మందలు ఉన్నాయి. తాడేపల్లిగూడెం మార్కెట్టులో సరుకు దింపి రాత్రివేళ బండిలోనే నిద్రపోయిన రైతును తెల్లారేసరికి ఇంటి ముందు దింపిన ఎద్దుల కథలు ప్రతి ఊళ్లోనూ చెబుతారు.

అయితే ఎద్దు ఇంటికి చేరుస్తుంది గానీ ఇంకొకచోటికి చేర్చదు. దానికి తెలిసింది మేత ఉన్న దారి. ‘ఆకివీడు ఆసుపత్రికి పోవాలి’ అనుకున్న అంధుడికి ఆ తెలివి పనికిరాదు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన పుంగనూరు పొట్టి ఆవులు ఈ మధ్య అందరి నోళ్లలో నానుతున్నాయి. 2024 జనవరిలో ప్రధాని తన ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటోలు వచ్చాక అడిగేవాళ్లు పెరిగారు. ఎత్తు మూడడుగుల లోపే. గైడ్ గుర్రానికి సరిజోడుగా కనిపిస్తాయి. అవి ఈ పనికి వస్తాయా? ఎవరైనా ప్రయత్నించవచ్చు గానీ ఆశ పెట్టుకోనక్కర్లేదు. నెమరు వేయడానికే రోజులో కొన్ని గంటలు కావాల్సిన పశువును బ్యాంకు క్యూలో నిలబెట్టడం ఎలా?

అసలు చిక్కు పశువుది కాదు, దారిది. కొల్లేరు చుట్టూ ఉన్న ఊళ్లలో ఇరుకు గట్ల మీద నడవాలి. ఒక పక్క చేపల చెరువు, ఇంకో పక్క మురుగు కాలువ. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో సరస్సులోని అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు చాలా చోట్ల నడకదారులు కూడా మారిపోయాయి. కాళ్లకు అలవాటైన గట్టు ఒక్కటే అంధుడికి ఆస్తి. అది మారితే మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్లు దిగితే ఆ గట్టూ మునుగుతుంది. అప్పుడు దోనే దిక్కు.

ఏలూరు పట్టణంలో అయినా అంతే. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద దుకాణం ఉంటుంది. లేనిచోట మురుగు కాలువ మీద పరిచిన పలకల్లో నాలుగింటికి ఒకటి లేచిపోయి ఉంటుంది. పక్కన స్కూటర్లు, మధ్యలో పడుకున్న ఆవులు. వీధికుక్కల గుంపు మధ్య నుంచి ఏ గైడ్ కుక్క, ఏ గైడ్ గుర్రం క్షేమంగా నడిచి వస్తుంది? అమెరికాలో పాండా, క్యాలీ చూపిన తెలివి వెనుక మట్టంగా వేసిన కాలిబాట, రంగు మారగానే ఆగే కార్లు ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. దారులు, భవనాలు అందరూ నడవగలిగేలా ఉండాలని అందులో రాసి ఉంది. ఆ రాసినది ఆర్.ఆర్. పేట దాకా ఇంకా నడిచి రాలేదు.

సోమవరప్పాడు బిడ్డ పేరుతో

అంధత్వం మాట వస్తే ఏలూరు వాళ్లు గర్వంగా చెప్పుకొనే పేరు ఒకటి ఉంది. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ 1908లో ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టారు. పొట్ట చేతపట్టుకొని బొంబాయి వెళ్లి 1931లో ‘ఆలం ఆరా’లో వేషం వేసిన మనిషి. 1982కు గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. ఆయన ఇచ్చిన స్థలం, కోటి రూపాయల విరాళం అండగా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. విజయవాడ దగ్గర తాడిగడపలోనూ దాని ఆసుపత్రి ఉంది.

2015 నుంచి 2019 వరకు దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో, యాభై ఏళ్లు దాటిన అంధుల్లో మూడింట రెండు వంతుల మందికి కారణం శుక్లాలేనని తేలింది. అరగంట ఆపరేషనుతో పోయే చీకటి అది. వారికి కావలసింది గుర్రమూ కాదు, కుక్కా కాదు. ఆసుపత్రి దాకా వెంట వచ్చే మనిషి. ముసలితనంలో చూపు తగ్గడం మామూలే అని ఇంట్లోవాళ్లు ఊరుకోవడంతో, అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాడు. మనవడు బడికి వెళ్తే ఆయన నడక ఆగుతుంది. కర్ర చివర పట్టుకొని ముందు నడిచే ఆ మనవడే మన ఊళ్లలో గైడ్ కుక్క, గైడ్ గుర్రం అన్నీ. ఆ పని కోసం బడి మానిన పిల్లలూ ఉన్నారు. ఆ లెక్క మాత్రం ఎవరూ వేయరు.

ఆపరేషనుతో చూపు రానివారికి ఎల్.వి. ప్రసాద్ సంస్థలో పునరావాస కేంద్రం ఉంది. అక్కడ ఒంటరిగా నడవడం నేర్పుతారు. గుర్రంతో కాదు, తెల్ల కర్రతో. పొడవు కర్రతో నడిచే ఈ పద్ధతిని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రిచర్డ్ హూవర్ అనే అమెరికన్ రూపొందించారు. కర్ర నేల నుంచి రొమ్ము దాకా ఉండాలి. కుడికాలు ముందుకు పడేటప్పుడు కర్ర ఎడమ పక్క నేలను తాకాలి, ఎడమ కాలు పడేటప్పుడు కుడి పక్కను. అంటే రాబోయే అడుగు ఎక్కడ పడుతుందో కర్ర ముందే వెళ్లి చూసి వస్తుంది. భుజాల వెడల్పు కన్నా కొంచెం ఎక్కువగా ఊపాలి. మోకాలికి పైన ఉండే అడ్డం ఈ కర్రకు తెలియదు. దానికోసం ఢిల్లీ ఐఐటీ వారు శబ్ద తరంగాలతో పనిచేసి చేతిలో అదురు పుట్టించే పరికరాన్ని 2014లో బయటకు తెచ్చారు. లారీ వెనుక నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ సంగతి, దుకాణం ముందు కిందికి దించిన రేకు సంగతి అది ముందే చెబుతుంది.

కర్రకు దాణా అక్కర్లేదు, దొడ్డి అక్కర్లేదు. బస్సులో కండక్టరు దిగమనడు. అయితే ఒకటి. లేచిపోయిన పలక దగ్గర కర్ర నేలను వెతుక్కుంటుంది. నేల తగలదు. అంతటితో దాని పని అయిపోయింది. ఆ గుంత ఎంత వెడల్పు, ఏ పక్క నుంచి చుట్టి పోవాలి అన్నది మనిషే చూసుకోవాలి. కడిల్స్ అయితే అక్కడ ఆగి, మనిషిని పక్క నుంచి తిప్పి తీసుకువెళ్లేది. ఏలూరు వీధిలో నిలబడ్డ అంధుడు కర్రతో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తట్టి చూస్తాడు. రెండో పక్కన స్కూటరు చక్రం తగులుతుంది. అప్పటికి ఎవరో ఒకరు వచ్చి మోచెయ్యి పట్టుకుంటారు.